జీతంలో పట్టిన సొమ్ము ఎవరిది?



పట్టణానికి పనికి వెళ్లిన బిడ్డ లేని ఇల్లు మన పల్లెల్లో ఈ రోజుల్లో అరుదు. ఒకరు మందుల కంపెనీలో, ఒకరు నూలు మిల్లులో, ఒకరు బట్టల దుకాణంలో, మరొకరు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్నారు. వారి జీతపు చీటీలో ఇ.ఎస్.ఐ. అనే అక్షరాల ఎదుట ప్రతి నెలా కొంత సొమ్ము తగ్గించి ఉంటుంది. "ఏదో పట్టుకుంటున్నారులే" అని ఊరుకుంటాము. జబ్బుచేసి ఆసుపత్రికి వెళ్లిన రోజున, "మీ పేరున చందా జమ కాలేదు" అని చెబితే అప్పుడు గుండె ఝల్లుమంటుంది. అట్టి దుఃఖంతో ప్రార్థన కోరి వచ్చిన కుటుంబాలను మేము చూశాము. ప్రార్థించడంతోపాటు వారి హక్కు ఏమిటో చెప్పడం కూడా మా బాధ్యత అని ఈ మాటలు వ్రాస్తున్నాము.

కార్మిక రాజ్య బీమా చట్టం 1948లో వచ్చింది. 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరాలలో పథకం మొదలైంది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది గాని, పథకం ఆగలేదు. పదిమంది లేక అంతకంటె ఎక్కువమంది పనిచేసే సంస్థలో నెలకు 21,000 రూపాయల వరకు జీతం పొందేవారికి ఇది వర్తిస్తుంది. 2019 జూలై నుండి ఉద్యోగి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా నూటికి 3 రూపాయల 25 పైసలు. అంటే 16,000 జీతగానికి 120 రూపాయలు పట్టుకొని, యజమాని తన చేతి నుండి 520 కలిపి, 640 రూపాయలు మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేయాలి.

అందుకు బదులుగా ఉద్యోగికీ అతనిపై ఆధారపడిన కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది. జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు సగటు జీతంలో నూటికి 70 వంతున, ఏడాదికి 91 రోజుల వరకు భృతి ఉంటుంది. ఈ భృతి రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే మాత్రం ఇన్ని రోజులన్న లెక్క లేదు. మొదటి రోజునే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది.

అన్యాయం జరిగే దారులు కొన్ని ఉన్నాయి. కొందరు యజమానులు సొమ్ము పట్టుకొని అసలు జమ చేయరు. కొందరు ఇరవై ఆరు రోజులు పని చేయించుకొని పది రోజులే చూపిస్తారు. 78 రోజుల లెక్క తప్పేది ఇక్కడే. మరికొందరు తమ వాటాను కూడా కూలివాని జీతంలోనుండే లాగుతారు. ఇది చట్టం ఒప్పుకోని పని. కాంట్రాక్టరు ద్వారా చేరినవారి పేర్లయితే ఎక్కడా కనబడవు. "నీకూ మాకూ సంబంధం లేదు, మేస్త్రీని అడుగు" అంటారు. కాని కాంట్రాక్టు కూలీల చందాకు కూడా అసలు యజమానే జవాబుదారీ.

ఇప్పుడు ముఖ్యమైన మాట. జీతంలో పట్టిన క్షణం నుండి ఆ సొమ్ము యజమానిది కాదు. అది కూలివాని పక్షంగా అతనికి అప్పగించబడిన సొమ్ము. దానిని కట్టకుండా వాడుకుంటే నమ్మకద్రోహం అనే నేరంగా చట్టం ఎంచుతుంది. అట్టివానికి ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా ఉన్నాయి. కూలి బిగబట్టడం గురించి యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు.

మరి యజమాని తప్పు చేస్తే రోగి గతి ఏమిటి? "వాళ్లు కట్టలేదు గనుక నీకేమీ రాదు" అన్న జవాబుతో తిరిగి రానవసరం లేదు. చందా కట్టవలసి ఉండి కట్టలేదని రుజువైతే, ఉద్యోగికి రావలసిన లాభాన్ని కార్పొరేషనే ఇచ్చి, ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకునే అధికారం చట్టంలో ఉంది. 1948 చట్టంలో ఉన్న ఈ ఏర్పాటు కొత్త కోడ్‌లోనూ ఉంది. అయితే రుజువు చూపవలసి ఉంటుంది. అది లేకనే చాలామంది ఓడిపోతున్నారు.

గనుక మీ పిల్లలకు ఈ మాటలు చెప్పండి. పనిలో చేరిన వెంటనే బీమా నంబరు అడిగి తీసుకోవాలి. అందులో కుటుంబసభ్యుల పేర్లన్నీ ఉన్నవో లేవో చూసుకోవాలి. జీతపు చీటీలు, హాజరు కార్డు, బ్యాంకు పుస్తకం పారవేయక దాచాలి. చందా జమ అవుతున్నదో లేదో ఫోనులో ఉమంగ్ యాప్‌లో చూడవచ్చు. చేతకానివారు ఇ.ఎస్.ఐ. బ్రాంచి కార్యాలయంలో అడగవచ్చు. తేడా కనబడితే మొదట యజమానికి కాగితం మీద వ్రాసి, నకలు ఉంచుకోవాలి. దారికి రాకపోతే ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి. తెలంగాణవారికి అది హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌వారికి విజయవాడలో ఉంది. వివాదం తేలకపోతే తీర్చడానికి ఉద్యోగుల బీమా న్యాయస్థానం ఉంది. పని పోతుందన్న భయం మాకు తెలియనిది కాదు. అందుకే ఒక్కరు వ్రాయడం కంటె తోటివారితో కలిసి సంతకాలు చేయడం మేలు. సంఘంలో చదువుకున్న యౌవనస్థులు ఇట్టివారికి అర్జీ వ్రాసిపెట్టి, కార్యాలయం దాకా తోడు వెళితే అది గొప్ప పరిచర్య.

చివరగా ఒక మాట మన ఇంటివారితోనే. మన సంఘాలు నడిపే బడులూ, ఆసుపత్రులూ కూడా జీతాలిచ్చేవే. చట్టం వర్తించే చోట మన ఆయాల, కాపలాదారుల, టీచరమ్మల చందా నెలనెలా జమ అవుతున్నదా? కమిటీలో ఉన్న పెద్దలు వచ్చే సమావేశంలో ఆ రశీదులు తెప్పించి చూడవలెనని కోరుచున్నాము. బయటివారిని న్యాయం అడిగే ముందు మన లెక్కలు సరిగా ఉండాలి.