ఖరగ్‌పూర్‌లో ప్రభుత్వాలు ఎన్ని రకాలు?

మా పక్క క్వార్టర్సు కుర్రాడు పోటీ పరీక్షకు బట్టీ పెడుతున్నాడు. ఒకడు ఏలితే రాజరికం, కొందరు ఏలితే కులీన పాలన, అందరూ ఏలితే ప్రజాస్వామ్యం. ఇది అరిస్టాటిల్ నాటి లెక్క. ఎవరి మేలు కోసం ఏలుతున్నారన్నది కూడా చూడాలని ఆయన అన్నాడు గానీ, ఆ సగం గైడులోకి ఎక్కలేదు. బానిసత్వం ప్రకృతి సహజమన్నదీ ఆయనే, అదీ ఎక్కలేదు.

ఈ లెక్కతో మన ఊరిని కొలవండి. ఈ రైల్వే పట్నాన్ని నిలబెట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వే, లండన్‌లో నమోదైన కంపెనీ. 1944లో సర్కారు చేతికి వచ్చేదాకా, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన తాతలకు కూలీ ఇచ్చిందీ, గూడు ఇచ్చిందీ, కాదంటే వెళ్లగొట్టిందీ ఆ కంపెనీయే. దాన్ని ఏ గడిలో రాస్తారు? పక్కనే హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. 1951లో అదే భవనంలో ఐఐటి మొదలైంది. తుపాకి పోయింది, ఓటు వచ్చింది, ఇక అంతా ప్రజాస్వామ్యమేనని మనవాళ్లూ నమ్మేశారు.

బాబాసాహెబ్ నమ్మలేదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన గ్యాంగ్‌మన్ గురించి మాట్లాడారు. మనవాడు జీవితమంతా గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతాడు. పోర్టరుగానైనా తీసుకోరు, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయాలి, ఇతను గడప తొక్కితే ఆ ఇల్లు మైలపడుతుందట! పైన తెల్లదొర ఉన్నా నల్లదొర ఉన్నా ఆ గడప మారదు. ప్రజాస్వామ్యమంటే ముందుగా కలిసి బతికే తీరని ఆయన 1936లోనే ‘కుల నిర్మూలన’లో రాశారు. ప్రభుత్వాలను వర్గీకరించాలంటే ఆ గడప దగ్గర నిలబడి వర్గీకరించాలి.

తథాగతుడు వజ్జుల గురించి ఆనందుణ్ణి అడిగిందేమిటి? తరచుగా సమావేశమవుతున్నారా, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నారా అని. భిక్షు సంఘంలో పేచీ తెగకపోతే శలాకలు పంచి లెక్కపెట్టేవారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ సంఘపు ఓటు పద్ధతిని గుర్తుచేశారు. 1946లో ఆయన్ను ఆ సభకు మొదట పంపింది ఈ బెంగాలే.

మరి మన సంఘాల సంగతి? నాకు తెలిసిన ఒక కమిటీలో పదహారేళ్లుగా ఒకరే అధ్యక్షుడు. తీర్మానం ముందే రాసి తెస్తారు, చప్పట్లనే ఓట్లుగా లెక్కేస్తారు. వంట ఆడవాళ్లది, మైకు మగవాళ్లది. ఒక చెల్లెమ్మ లేచి జమాఖర్చులు చదవమంటే, “బాబాసాహెబ్ పటం ముందు గొడవేంటమ్మా” అని కూర్చోబెట్టారు. నేనూ ఆ రోజు నోరు మూసుకున్నాను. దీన్ని ఏ గడిలో రాయాలి? నా లెక్కలో ఇది నీలి జెండా కట్టిన రాజరికం.

ఏప్రిల్ 14 లోపు సర్వసభ్య సమావేశం పిలవండి. మొదటి అంశం జమాఖర్చులు, రెండోది ఎన్నిక. చీటీలు నేను కోసుకొస్తాను.