పాటిస్తే పోయేదేముంది?

ప్రయాణానికి బయలుదేరిన మనిషి వాకిలి దాటకముందే ఇంట్లో ఎవరో తుమ్ముతారు. వెంటనే అవ్వ "కాసేపు కూర్చో నాయనా, చెంబుడు నీళ్లు తాగి పోదువుగాని" అంటుంది. అతడు చెప్పులు విడిచి కూర్చుంటాడు. చిక్కబళ్లాపురం పోయే బస్సు మాత్రం అతని కోసం కూర్చోదు. పిల్లి ఎదురైతే ఇంట్లోకి తిరిగి రావాలి. బల్లి మీద పడితే పంచాంగం తీయాలి. పరీక్షకు పోయే స్నేహితులు ముగ్గురైతే ఒకడు నాలుగడుగులు వెనుక నడవాలి. నంది కొండ చుట్టుపట్ల పల్లెల్లోనే కాదు, తెలుగు మాట్లాడే చాలా ఇళ్లలో ఇవి కూరలో ఉప్పులాగా కలిసిపోయి ఉన్నాయి.

వీటిని నమ్ముతారా అని చదువుకున్న వారిని అడిగితే సూటిగా అవునని చెప్పేవారు తక్కువ. "నమ్మకమేమీ లేదు గాని, పాటిస్తే పోయేదేముంది?" అంటారు. ఈ మాట వినడానికి ఎంతో వివేకంగా ఉంటుంది. ఖర్చు లేని జాగ్రత్త ఎవరికి చేదు? కాని నిజంగానే పోయేదేమీ లేదా? పోతే అది ఎవరిది పోతుంది?

రాగులు విసరడానికి, ముద్ద చేయడానికి ఎవరూ శకునం చూడరు. ఆ పని ఎలా ముగుస్తుందో చేసేవారికి తెలుసు. పెళ్లి, పరీక్ష, బోరుబావి, పట్టుపురుగుల పంట - ఫలితం చేతిలో లేని చోటనే శకునాలు గుంపుగా వచ్చి చేరుతాయి. 1915 - 1918 సంవత్సరాల మధ్య న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి, అక్కడి ప్రజల జీవితాన్ని పరిశీలించిన మలినోవ్‌స్కీ అనే పండితుడు ఇటువంటి సంగతినే రాశాడు. అక్కడివారు తీరానికి ఆనుకొని ఉన్న నిశ్చలమైన నీటిలో చేపలు పట్టేటప్పుడు మంత్రాల జోలికి పోయేవారు కారు. అపాయం పొంచి ఉన్న నడిసముద్రంలోకి పోయేటప్పుడు మాత్రం మంత్రతంత్రాలన్నీ జరిపేవారు. భయపడిన మనిషి ఏదో ఒక ఆసరా వెతుక్కోవడం సహజం. అతనిని చూసి నవ్వడం వల్ల ప్రయోజనం లేదు. ఆ ఆసరా కోసం చెల్లిస్తున్న ధర ఎంత అని లెక్క వేయడం మేలు.

బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఏడాది పొడవునా పారే ఏరు లేదు. పెన్న, పాలారు, పాపఘ్ని, చిత్రావతి వంటి నదులు ఈ కొండల ప్రాంతంలోనే పుట్టినా, ఇక్కడి రైతుకు మిగిలింది బోరు ఒక్కటే. ఆ బోర్లు కూడా ఎన్నో చోట్ల వెయ్యి అడుగులు దాటి పోయాయి. బోరు వేసే ముందు ఒక పెద్దమనిషి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని చెబుతాడు. అతడు మోసగాడు కానక్కరలేదు. మనసులో గట్టిగా అనుకున్నది చేతి కండరాలను తెలియకుండానే కదిలిస్తుందని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించాడు. టెంకాయను లేపింది భూమిలోని నీరు కాదు, పట్టుకున్న చెయ్యే. ఆ సంగతి ఆ చేతికి కూడా తెలియదు.

ఇక్కడి నేల అడుగున ఉన్నది గట్టి రాయి. ఆ రాతి బీటలలో మాత్రమే నీరు ఉంటుంది. బీట తగిలితే టెంకాయ గొప్పది అంటారు. తగలకపోతే టెంకాయను ఎవరూ ఏమీ అనరు. "పొద్దున ఎవరి మొగం చూసి లేచామో!" అంటారు. లేదా లారీ వచ్చేటప్పుడు ఖాళీ బిందెతో ఎదురైన పొరుగింటి ఆడకూతురి పేరు బయటికి వస్తుంది. భూమిలోకి విద్యుత్తు పంపి రాతి పొరలను పరీక్షించే శాస్త్రీయ పద్ధతి ఒకటి ఉంది. అది కూడా తప్పకుండా నీళ్లు చూపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే అది తప్పినప్పుడు ఎందుకు తప్పిందో ఆలోచించవచ్చు. ఖాళీ బిందె మీద నేరం మోపిన తరువాత ఆలోచించడానికి ఇంకేమీ మిగలదు. మిగిలేవి అప్పు, తాకట్టుకు పోయిన చెవి కమ్మలు.

పట్టుపురుగుల ఇంటి సంగతి ఇంకా వింతైనది. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంతకు పేరు పొందిన ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోట, పక్కనే పురుగుల ఇల్లు కనిపిస్తాయి. పురుగులు నాలుగు సార్లు పొర విడుస్తాయి. రైతులు దానిని జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక రాత్రింబగళ్లు ఆకు వేస్తూనే ఉండాలి. సుమారు నెల రోజుల కష్టం చంద్రికలకు ఎక్కేదాకా ఇల్లంతటికీ నిద్ర ఉండదు. ఒక్క పూటలో పంట పోవచ్చు. అందుకే ఆ గుమ్మానికి దిష్టి భయం ఎక్కువ. పొరుగువారు తొంగి చూడకూడదు. భర్త పోయిన స్త్రీ రాకూడదు. బహిష్టు అయిన కోడలు ఆ దరిదాపులకు పోకూడదు. పంట పోతే, ఈ ముగ్గురిలో ఎవరు వచ్చారా అని ఆరా తీస్తారు.

ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే మిగిలిన అబద్ధాన్ని బతికిస్తున్నది. ఎవరు పడితే వారు పురుగుల ఇంట్లోకి రాకూడదన్న మాట సరైనదే. కాళ్ల వెంట, చేతుల వెంట రోగక్రిములు వస్తాయి. 1865లో ఫ్రాన్సు దేశపు పట్టు పరిశ్రమ పెబ్రిన్ అనే రోగంతో కుప్పకూలుతున్నప్పుడు లూయీ పాశ్చర్ ఆ పనికి పూనుకున్నాడు. రోగం తల్లి సీతాకోకచిలుక నుండి గుడ్లకు పాకుతుందని, గుడ్లు పెట్టిన తల్లిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి రోగం ఉన్న గుడ్లను నాశనం చేయాలని చెప్పాడు. నేటికీ రైతులకు అందే రోగంలేని గుడ్లు ఆ పద్ధతి ఫలితమే. ఇక 1980లో పశ్చిమ బెంగాల్ నుండి కర్ణాటకకు చేరిన ఉజీ ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నుండి వచ్చిన పిల్ల పురుగు శరీరంలోకి తొలుచుకొని పోయిన చోట నల్లని మచ్చ పడుతుంది. చూపు మచ్చ చేయదు, ఈగ చేస్తుంది. దానికి మందు కిటికీకి కట్టిన వల.

గుమ్మం దగ్గర అడ్డగించవలసింది మనిషిని కాదు, మురికిని. కాని దిష్టి లెక్క ప్రకారం, చేతులు శుభ్రంగా కడుక్కొని వచ్చిన పెద్దమ్మ బయట ఉండిపోతుంది. రోగం తగిలిన పక్క ఊరి పురుగులను చేత్తో తట్టి చూసి, ఆ కాళ్లతోనే తిరిగి వచ్చిన ఇంటి యజమాని నేరుగా లోపలికి పోతాడు. పాటిస్తే పోయేదేముంది అన్నవారికి ఇక్కడ రెండూ పోయాయి: పంట పోయింది, పెద్దమ్మ మర్యాదా పోయింది.

ఈ గడ్డ మీదనే ఇటువంటి ప్రశ్నలు అడిగిన పెద్దలు హెచ్. నరసింహయ్య గారు. అప్పటి కోలారు జిల్లా గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పేద కుటుంబంలో పుట్టి, హైస్కూలు చదువు కోసం బెంగళూరుకు కాలినడకన పోయారు. భౌతికశాస్త్రంలో గొప్ప చదువు చదివారు. బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండగా 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరీక్షించే సంఘాన్ని ఏర్పరచారు. గౌరిబిదనూరు, బాగేపల్లి పట్టణాలలో నేషనల్ కళాశాలలు వెలియడానికి కృషి చేశారు. ప్రశ్నించకుండా దేనినీ ఒప్పుకోవద్దన్నది 2005లో కన్నుమూసే వరకూ ఆయన బోధ. అదే 1976లో జరిగిన 42వ సవరణ శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుని విధి అని రాజ్యాంగంలో చేర్చింది. మనుషులను హింసించే దురాచారాలపై కర్ణాటక 2017లో చట్టం చేసింది. మంచిదే. అయితే చట్టం వాకిలి దాకా వస్తుంది గాని, వంటింట్లోకి రాదు. అక్కడ మాట్లాడవలసింది ఇంటివారే.

మాట్లాడడానికి గట్టి గొంతు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం చాలు. తుమ్ము వినబడినప్పుడల్లా తేదీ వేసి, ఆ రోజు పని అయిందో లేదో రాస్తే సరి. జరిగిన కీడు గుర్తుంటుంది, జరగని కీడు ఎవరికీ గుర్తుండదు. పుస్తకానికి రెండూ గుర్తుంటాయి.

"అవ్వా, సోమవారం నువ్వు తుమ్మినాక మామ బాగేపల్లికి పోయాడు గదా, పని అయిందా?"

"అయింది."

"గురువారం?"

"అదీ అయిందిలే. నీ నోటికి దండం పెట్టాల!"

అవ్వకు కోపం రాలేదు. మనవరాలు తనను వెక్కిరించలేదని ఆమెకు తెలుసు.

తుమ్ముతో పోయేది ఒక బస్సు. మనిషినే అపశకునం అన్నప్పుడు పోయేది అంతకంటే పెద్దది. భర్త పోయాక కూలికి మల్బరీ ఆకు కోసి, బిడ్డను పెంచి, పెళ్లి ఖర్చుకు పైసా పైసా కూడబెట్టిన తల్లి, తీరా ముహూర్తం వేళకు స్తంభం వెనుక నిలబడుతుంది. పసుపు దంచడానికి ఎవరెవరినో పిలుస్తారు, ఆమెను పిలవరు. పొమ్మని ఎవరూ అనరు. అందరికంటే ముందు ఆమే తప్పుకుంటుంది. బిడ్డకు కీడు జరుగుతుందేమోనన్న భయం ఆమెకే ఎక్కువగా నేర్పారు.

తల్లి చెయ్యి పట్టుకొని పెళ్లిపీటల దగ్గరికి తెచ్చి, మొదటి అక్షతలు ఆమె చేత వేయించిన పెళ్లికూతుళ్లూ ఉన్నారు. ఆ పెళ్లిళ్లు కూడా అన్ని పెళ్లిళ్లలాగే జరిగాయి. బంతిలో చారు సమయానికి రాలేదు, మర్యాద తక్కువైందని పిల్లవాని మేనమామ అలిగాడు, చీకటి పడేలోగా అందరూ కలిసి ఆయనను బతిమాలి భోజనానికి కూర్చోబెట్టారు.