జ్వరం తగ్గింది, బగ్ పోలేదు

మా టీములో ఒకతనికి మూడు నెలల్లో రెండోసారి మలేరియా. "హైదరాబాదు దోమలంతే" అని తేల్చేశాం. అసలు సంగతి వేరు. అతనిది వైవాక్స్ రకం. ఈ ఏకకణ జీవి రక్తంలో చచ్చినా, కాలేయంలో నెలల తరబడి దాక్కుంటుంది. క్లోరోక్విన్ దాన్నేం చెయ్యలేదు, ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. మనవాడు నాలుగో రోజే మానేశాడు! ఎర్రర్ కనబడకపోతే బగ్ క్లోజ్ చేసే బాపతు కదా మనం. కానీ జ్వరం తిరగబెడితే, అతన్ని కుట్టిన దోమ పక్కింటివాళ్ళకీ అంటిస్తుంది. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే. జంటనగరాల్లో ఉంటూ కోర్సు మధ్యలో ఆపేస్తే ఎలాగండీ? ముందు జీ6పీడీ పరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పినన్ని రోజులూ మింగండి.