గాలిలో దీపం: మా తీరాన బ్రాడ్‌బ్యాండు ఎంపిక

బ్రాడ్‌బ్యాండు కనెక్షను తీసుకోబోయేవారు మొట్టమొదట అడిగేది "వేగమెంత?" అని. కంపెనీల ప్రకటనలన్నీ ఆ ఒక్క ప్రశ్నకే సమాధానాలు. ఎడాపెడా దింపుకోళ్ళు చేసే నాబోటివాడు, అందునా నెల్లూరు సముద్రతీరాన కాపురమున్నవాడు, ఆ ప్రశ్నను చిట్టచివర అడగాలని నా అభిప్రాయం. మా ఇంటి పాత రాగితీగ కనెక్షను ఈమధ్య శాశ్వతంగా మూగబోయింది. కొత్తదాని కోసం నాలుగు వారాలు విచారించాను. అందులో తేలిన సంగతులు సాటి బ్లాగరులకు పనికివస్తాయేమోనని ఈ టపా.

"అంతగా ఏం దింపుతావయ్యా?" అని మీరడగరు, మీకు తెలుసు. కొత్తగా వచ్చినవారి కోసం చెబుతాను. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకం పుణ్యమా అని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కానై కూర్చున్నాయి. అయితే ఒక్కొక్క పుట ఒక్కొక్క టిఫ్ ఫైలు. నాలుగు వందల పుటల ప్రబంధానికి నాలుగు వందల దింపుకోళ్ళు! ఆ సైటు తరువాత కనుమరుగైంది. పుస్తకాల నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి కనుక బతికిపోయాం. ఆ ఆర్కైవే 2024 అక్టోబరులో దుండగుల దాడికి కొన్నాళ్ళు మూతపడింది. జియోసిటీస్ 2009లో పోయింది. యాహూ గుంపులు 2020లో పోయాయి, రచ్చబండ చర్చలు జరిగిన చోటు అదే. జాలంలో ఉన్నదంతా ఎప్పటికీ ఉంటుందని నమ్మేవారికి పెద్ద కనెక్షను అక్కరలేదు. నాకు ఆ నమ్మకం లేదు. మొలకొలుకులు పండిన ఏడు గాదె నింపుకోవడం మా జిల్లాలో పేరాశ అనిపించుకోదు కదా.

ఇక లెక్కల్లోకి వెళదాం. 2004 నాటి బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ వారి డేటావన్ వచ్చింది. తొలి ఏళ్ళలో 250 రూపాయల పథకానికి నెలకు 400 ఎంబీ ఇచ్చేవారు. 256 కేబీపీఎస్ అంటే సెకనుకు 32 కిలోబైట్లు, అంటే నెలరోజుల కోటా మూడున్నర గంటల్లో హరీ. అందుకే 500 రూపాయల పథకం మనవారికి ప్రీతిపాత్రమైంది. రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా లెక్క ఉండదు. ఆ ఆరు గంటల్లో 690 ఎంబీ దిగేది. అలారం పెట్టుకుని రెండింటికి లేచి దింపుకోలు మొదలుపెట్టి మళ్ళీ పడుకున్నవారు మనలో ఎందరు లేరు! బ్రాడ్‌బ్యాండు అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 2013లో 512 కేబీపీఎస్, 2023లో 2 ఎంబీపీఎస్ అయింది. అలవాటు మాత్రం పోలేదు, ఇప్పటికీ నా పెద్ద దింపుకోళ్ళన్నీ అర్ధరాత్రి దాటాకే.

ఈనాటి మాయపదం "అపరిమితం". 2020లో పెద్ద కంపెనీలు ఇళ్ళకు అపరిమిత పథకాలు ప్రకటించినప్పుడు చిన్న అక్షరాల్లో నెలకు 3300 జీబీ అని రాసుకున్నాయి. నాకు దానితో పేచీ లేదు. ఇల్లు గడవడానికే కాదు, గ్రంథాలయం నడపడానికీ చాలినంత. పేచీ ఎక్కడంటే, వేగాన్ని బట్టి ధర పెంచుతూ పరిమితిని మాత్రం అక్కడే ఉంచడం. 30 ఎంబీపీఎస్ కనెక్షనును ఆపకుండా నడిపితే రోజుకు 324 జీబీ దిగుతుంది, అంటే పది రోజుల్లో 3300 పూర్తి. 300 ఎంబీపీఎస్ కనెక్షనైతే? ఒక్క రోజుకు కాస్త పైన. రెండింటా నెలలో దిగేది అంతే. తొందరగా అయిపోవడానికి అదనంగా డబ్బు కట్టడమన్నమాట! పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందన్నది అసలు అడగవలసినది. 2016లో ట్రాయ్ విధించిన కనీసం 512 కేబీపీఎస్. ఆ వేగంతో రోజుకు అయిదున్నర జీబీ మాత్రమే దిగుతుంది.

వేగం విషయంలో ఇంకొక గుట్టు ఉంది. ఇళ్ళకు వచ్చే ఫైబరు సాధారణంగా జీపాన్ అనే పద్ధతిలో వస్తుంది. ఒక పోగులోని వెలుగును స్ప్లిట్టరు అనే చిన్న పెట్టె చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతుంది. అందరికీ కలిపి సుమారు 2.5 జీబీపీఎస్. 64 ఇళ్ళూ ఒకేసారి గట్టిగా లాగితే ఒక్కొక్కరికి దక్కేది 39 ఎంబీపీఎస్‌కు మించదు. 300 అని అమ్మగలుగుతున్నారంటే పొరుగువారు ఆ క్షణాన లాగడంలేదన్న ధైర్యంతోనే. ఐపీఎల్ ఆట జరిగే సాయంత్రం మా ఊళ్ళో ఆ ధైర్యం ఏమాత్రం నిలబడదని వేరే చెప్పనక్కరలేదు. 40 చాలుననడానికి నాకు ఇదొక కారణం.

ఇక గాలి సంగతి. మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా ఈ తీరమంతా ఉప్పుగాలి. రాగితీగకు అతుకు వేసిన చోటల్లా చిలుము పడుతుంది. మొదట ఫోనులో గరగర, తరువాత మోడెం దీపం మినుకుమినుకు, ఆపైన మౌనం. నా పాత కనెక్షను చచ్చింది ఈ జబ్బుతోనే. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ "లైను బాగానే ఉంది సార్" అన్నారు గాని అతుకు విప్పి చూసినవారు లేరు. గాజుపోగుకు చిలుము పట్టదు, దారి పొడవునా కరెంటూ అక్కరలేదు. కనుక ఫైబరే తీసుకోవాలి, ఇందులో వాదం లేదు. వాదమల్లా అది ఏ దారిన ఇంటికి చేరుతుందన్నదే.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే జాలమూ టీవీ ఫోనూ అన్నారు. నేల తవ్వే ఖర్చు తప్పించడానికి ఫైబరును కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అంత తక్కువ సొమ్ముతో అన్ని ఊళ్ళకు చేరడం మరో విధంగా సాధ్యమయ్యేది కాదు, ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. కాని తుపానుల తీరాన స్తంభం మీది ఫైబరు అంటే, అక్షరాలా గాలిలో దీపం పెట్టి దేవుడా నీవే దిక్కు అనడం. స్తంభం ఒరిగితే కరెంటూ జాలమూ కలిసే పోతాయి. ముందు విద్యుత్తువారు స్తంభం నిలబెట్టాలి, ఆ తరువాతనే ఫైబరువారి వంతు. అలాగని నేలలో పాతినదానికి ఢోకా లేదనుకోకండి. 2021 నవంబరు వరదల్లో పెన్న పొంగి జాతీయ రహదారికే గండి పడింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. రోడ్డే పోయాక రోడ్డు పక్కన పాతిన తీగ ఉంటుందా? వరదలు లేని ఏడాది జేసీబీలు ఉండనే ఉంటాయి.

కనుక తెగుతుందా తెగదా అన్న ప్రశ్న మా తీరాన వ్యర్థం. తెగుతుంది. తెగిన తరువాత అతకడానికి ఎవరు వస్తారు, ఎన్నాళ్ళకు వస్తారు? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరం వెంబడే ఉత్తరానికి నడిచి బాపట్ల దగ్గర గట్టెక్కింది. అప్పుడు మా వీధిలో రెండు రకాల ఫైబరు కనెక్షన్లుండేవి. ఒకటి మూడవనాటికి బతికింది. రెండవది పదకొండు రోజులు పలకలేదు. ఫోను చేస్తే హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి క్షమాపణలు చెప్పింది, తెలుగులో చెప్పడానికి తొమ్మిది నొక్కమంది. 30 ఎంబీపీఎస్ చొప్పున పదకొండు రోజులంటే 3500 జీబీ పైమాట. నెల పరిమితి మొత్తం ఆ మౌనంలోనే కరిగిపోయిందని నా బోటివాడి లెక్క!

మూడవనాడు బతికిన కనెక్షనుకు రహస్యమేమీ లేదు. దాన్ని నడిపే కుర్రవాడిది మా పక్క ఊరు. వాళ్ళ నాన్న కాలం నుంచి కేబుల్ టీవీ వ్యాపారం. ఇప్పుడు ఒక పెద్ద సంస్థ ఫైబరును వాటా పద్ధతిలో ఇళ్ళకు చేరుస్తున్నాడు. ఫైబరు అతికే యంత్రం అతని సొంతం. ఆ తుపానునాడు ఎలా చేశావని అడిగాను.

"ఏముందన్నా, గాలి నిలవంగానే నిచ్చెనేసుకోని పొయినా. మా ఇంటి లైనూ అదే గదా!"

ఈ చివరి మాట ఏ కంపెనీ కరపత్రంలోనూ కనపడదు. తెగిన తీగకు అవతలి కొసన తన ఇల్లు కూడా ఉన్నవాడే ముందుగా వస్తాడు. అతణ్ణి ఇంకా రెండడిగాను. అతని ఆఫీసులోని ఓఎల్‌టీకి కరెంటు పోతే బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది? ఆరు గంటలు, ఆ తరువాత రొయ్యల చెరువుల వారి దగ్గర జెనరేటరు అద్దెకు తెస్తాడట. పది ఇళ్ళను ఒకే ఐపీ చిరునామా వెనక కూర్చోబెడతారా? కూర్చోబెడతారు, సొంత చిరునామా కావాలంటే విడిగా కట్టాలి. టొరెంటు ద్వారా లినక్సు ప్రతులనో ఆర్కైవ్ పుస్తకాలనో దింపుకోవడంతో సరిపెట్టక తిరిగి పంచదలచినవారు ఇది తప్పక అడగాలి. బయటివారి కంప్యూటరు మన గడప దాకా రాలేకపోతే పంపకం సగానికి సగం పడిపోతుంది. ఎక్కింపు వేగమూ అంతే ముఖ్యం. స్కాన్ చేసిన పుస్తకాన్ని జాలంలోకి ఎక్కించేవారు మనలో తక్కువ కావడానికి పాత ఏడీఎస్ఎల్ కూడా కొంత బాధ్యురాలే.

తీగ లేకుండా 5జీ మీద వచ్చేవి 2023 నుంచి దొరుకుతున్నాయి. పెట్టె తగిలిస్తే చాలు. చుట్టపుచూపుగా వాడేవారికి మంచివే. నేను చూసినవాటిలో నెల పరిమితి 1000 జీబీ, టవరుకు కరెంటు లేనినాడు వాటికీ గతి లేదు. నా పనికి ఆనవు.

నా తీర్పు ఆ కుర్రవాడి పక్షానే. అతని దగ్గరున్న పథకాలన్నిటిలో అడుగునుంచి రెండవది తీసుకున్నాను, పై పథకానికీ దీనికీ ఏడాదికి వచ్చే తేడాతో ఒక హార్డ్‌డిస్కు కొన్నాను. మోడెం కోసం చిన్న యూపీఎస్ ఒకటి. ఆరు నెలలకు ఒక్కసారిగా కడితే ఒక నెల ఉచితమన్నాడు, వద్దన్నాను. తుపానుల కాలం అక్టోబరులో మొదలవుతుంది. అప్పటిదాకా అతను ప్రతి నెలా బిల్లు కోసం మా గుమ్మం ఎక్కడమే మేలు.