బుజ్జి బొమ్మకి ఊలు టోపీ, మఫ్లరు

సముద్రం పక్కనున్న మన విశాఖలో చలేముందమ్మా అంటారు. కానీ ధనుర్మాసంలో తెల్లవారుజామున స్టీల్ ప్లాంటు షిఫ్టుకి స్కూటరెక్కేవాళ్ళని చూడండి, మఫ్లరు లేనిదే గడప దాటరు. మా పక్కింటి పాప ఒకరోజు వాళ్ళ నాన్న మెడకేసి చూసి, "మరి నా బొమ్మకేదీ?" అంది. అందుకే ఈ వారం బొమ్మకి టోపీ, మఫ్లరు. సంక్రాంతి బొమ్మల కొలువుకీ ముచ్చటగా ఉంటాయి.

కావలసినవి: స్వెట్టరు అల్లగా మిగిలిన ఊలు, మూడున్నర మిల్లీమీటర్ల క్రోషా సూది, మొన మొద్దుగా ఉన్న పెద్ద సూది, టేపు.

టోపీ: బొమ్మ తల చుట్టుకొలత తీసి మూడుతో భాగించండి. 24 సెం.మీ. అయితే 8 వస్తుంది. నడినెత్తి మీది బిళ్ళ వెడల్పు దానికి కాస్త లోపే ఉండాలి.

4 చైన్లు వేసి రింగుగా కలపండి. 3 చైన్లు వేసి (ఇవి ఒక ట్రెబుల్ కింద లెక్క) రింగులో మరో 11 ట్రెబుల్స్ వెయ్యండి. మొత్తం 12. ప్రతి వరస చివరా స్లిప్ స్టిచ్‌తో కలపాలి. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, మొత్తం 24. మూడో వరసలో ఒక కుట్టులో ఒకటి, పక్క కుట్టులో రెండు, మొత్తం 36. బిళ్ళ సరిపోగానే పెంచడం ఆపేసి, చెవులు మూసేదాకా కుట్టుకొక్కటే వెయ్యండి. బిళ్ళ గిన్నెలా ముడుచుకుంటే కుట్లు తక్కువైనట్టు, కుచ్చిళ్ళు తిరిగితే ఎక్కువైనట్టు.

మఫ్లరు: 12 చైన్లు వేసి, సూది నుంచి నాలుగో చైనులో మొదలుపెట్టి చివరిదాకా ట్రెబుల్స్ వెయ్యండి. తిప్పినప్పుడల్లా 3 చైన్లు. బొమ్మ ఎత్తంత పొడవొస్తే చాలు. కొసలు లోపలికి గట్టిగా కుట్టెయ్యండి. మూడేళ్ళలోపు పిల్లలుంటే గుండీలు, పూసలు, ఊలు బంతులు వద్దు. నోట్లో పెట్టుకుంటారు.

ఈ రెండూ అల్లడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. చూసినావిడ "ఊలు ఖర్చిచ్చేస్తాను, మాకూ ఒకటి చెయ్యవూ" అంది. అప్పుడు నాకు నరసాపురం లేసు గుర్తొచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశాలకి వెళ్ళింది, 2024లో భౌగోళిక గుర్తింపూ పొందింది. కానీ అల్లినవాళ్ళకి దక్కింది స్వల్పమే. ఇంటి ఆడవాళ్ళు తీరిక వేళ చేసే కాలక్షేపమని అనుకోబట్టే కూలి అంత తక్కువని మారియా మీస్ 1982లో తన పుస్తకంలో రాశారు.

మనవరాలికైతే ప్రేమగా అల్లిపెట్టండి, లెక్కలెందుకు? అమ్మేటప్పుడు మాత్రం గడియారం చూసి, పట్టిన గంటలు కాగితమ్మీద రాసుకోండి. ఊలుతోపాటు ఆ గంటలకీ వెల కట్టి అడగండి. మొహమాటపడకండేం!