ఆరిపోతున్న మంట మొరాయింపు కాదు, హెచ్చరిక



గుండె, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు అంటూ వ్రాసే ఈ వైద్యుడు నేడు గ్యాస్ హీటర్ల మరమ్మతు గురించి వ్రాస్తున్నాడేమని మీకు విస్మయం కలుగవచ్చు. నాకూ కలిగింది. దానికి కారణం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న నా మేనల్లుడు.

వాడు పెరట్లో ప్లాస్టిక్ పలకలతో చిన్న హరితగృహం కట్టుకున్నాడు. అందులో కరివేపాకు చెట్టు, గోంగూర, నాలుగు టమాటా మొక్కలు. అక్కడి శీతకాలంలో నీరు గడ్డకట్టే చలి గనుక, రాత్రులు లోపల వెచ్చగా ఉండేందుకు ప్రొపేన్ వాయువుతో మండే హీటరు పెట్టాడు. అది వెలుగుతుంది, గంటో రెండు గంటలో మండుతుంది, ఆ తరువాత తనంతట తానే ఆరిపోతుంది. థర్మోకపుల్ చెడిందని రెండుసార్లు మార్చాడట. అయినా అదే తంతు. "మామా, ఇక్కడ ఒక మిత్రుడు ఆ భద్రతా వాల్వును పక్కకు తప్పించి నేరుగా గ్యాస్ ఇచ్చేద్దాం అంటున్నాడు, చేయమంటావా?" అని ఫోనులో అడిగాడు. వాడు ఇంజనీరు, నేను డాక్టరును. అడగవలసినది వాడిని నేను. అయితే మాటల మధ్యలో వాడు, నీళ్ళు సరిగానే పోస్తున్నా టమాటా ఆకులు వాలిపోతున్నాయని అన్నాడు. నా చెవులు అక్కడ నిక్కబొడుచుకున్నాయి. "నాయనా, అందులో గంటసేపు పని చేస్తే నీకు తలనొప్పి వస్తున్నదా?" అని అడిగాను. కొంతసేపు మౌనం. "వస్తున్నది మామా, నీకెట్లా తెలుసు?" అన్నాడు.

ఆ హీటరు చెడిపోలేదు. చెడిపోయినది అక్కడి గాలి.

ఇది అర్థం కావాలంటే ఆ యంత్రం లోపల ఏమి జరుగుతుందో కొంచెం చూడాలి. ఇటువంటి హీటర్లలో పెద్ద మంట పక్కన ఒక చిన్న పైలట్ మంట ఉంటుంది. దాని మొనకు తాకుతూ థర్మోకపుల్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో సీబెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడు. ఇక్కడ పుట్టేది వోల్టులో చాలా చిన్న వంతు మాత్రమే. అయినా గ్యాస్ వాల్వును తెరచి పట్టుకునే చిన్న అయస్కాంతానికి అది చాలు. పైలట్ మంట ఆరితే కడ్డీ చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, గ్యాస్ ఆగిపోతుంది. కొన్ని హీటర్లలో దీనికి మించిన ఏర్పాటు కూడా ఉన్నది. గాలిలో సాధారణంగా 21 శాతం ఉండే ప్రాణవాయువు 18 శాతం దరిదాపులకు పడిపోతే పైలట్ మంట కడ్డీని వదిలి పైకి లేచిపోయేటట్లు దానిని మలుస్తారు. మూసిన గదిలో మనిషి కుప్పకూలక ముందే యంత్రం ఆగిపోవాలన్నది ఉద్దేశం. మా వాడు చలికి భయపడి చిన్న సందు కూడా లేకుండా హరితగృహాన్ని బిగించాడు. ఉదయం తలుపు తీసినప్పుడు చక్కగా వెలిగిన హీటరు మూసిన తరువాత గంటకో రెండు గంటలకో ఆరిపోవడంలో వింత ఏమున్నది?

ఇక టమాటాల సంగతి. ప్రాణవాయువు చాలక సగం సగం మండిన మంట నుండి కార్బన్ మోనాక్సైడుతో పాటు ఎథిలీన్ కూడా వెలువడుతుంది. కాయలను మగ్గబెట్టే వాయువే అది. టమాటా దానికి మహా సున్నితం. ఆకుల తొడిమలు కిందికి వంగిపోతాయి. బ్రిటిష్ బొగ్గు గనులలో 1986 వరకు కేనరీ పక్షులను వెంట తీసుకుపోయేవారు. మనిషికంటె ముందు అవి సొమ్మసిల్లి హెచ్చరించేవి. మా వాడికి ఆ పని టమాటాలు చేసిపెట్టాయి.

మన నెల్లూరు తీరంలో హరితగృహాన్ని వెచ్చచేయవలసిన ఖర్మ ఎవరికీ లేదు. నడి పుష్యమాసంలో కూడా మనకు 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మన బాధ అంతా నీడ వలలు కట్టి చల్లబరచుకోవడమే. అయితే అదే యంత్రం వేరే వేషంలో మన మధ్య తిరుగుతున్నది. ఒకటి కోళ్ళ షెడ్డులో గ్యాస్ బ్రూడరు, రెండవది స్నానాల గదిలో గ్యాస్ గీజరు.

బ్రూడరు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకరోజు పిల్లలకు మొదటి వారం 33 డిగ్రీల వరకు వేడి కావాలి. కార్తీక, మార్గశిరాలలో ఈశాన్య రుతుపవనాల జల్లు కొడుతుంటే రైతు పరదాలన్నీ దించేస్తాడు. లోపల బ్రూడర్లు మండుతుంటాయి. కాపలా కుర్రవాడు అక్కడే మంచం వేసుకుని పడుకుంటాడు. పరదాల పైభాగాన జానెడు ఖాళీ వదలండని నేను ఎదురుపడిన ప్రతి రైతుకూ చెబుతాను. పిల్లలకు చలి అంటారు. గాలి ఆడని షెడ్డులో పెరిగిన బ్రాయిలర్లకే తరువాత పొట్టలో నీరు పట్టే జబ్బు ఎక్కువని పశువైద్య మిత్రులు చెప్పే మాటను ముందుపెడితే మాత్రం వింటారు. కుర్రవాడి పేరు చెబితే విననివారు కోడి పేరు చెబితే వింటారన్నమాట!

గీజరు విషయంలో మాత్రం నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

ఉద్యోగ విరమణకు కొద్ది సంవత్సరాల ముందు, కొత్తగా పెళ్ళయిన ఒక అమ్మాయిని స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయిందని ఆసుపత్రికి తెచ్చారు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట. వచ్చేసరికి తేరుకున్నది. తలనొప్పి, వాంతి. పరీక్షలలో ఏమీ తేలలేదు. మూర్ఛ అని నిర్ధారించి మాత్రలు వ్రాసి పంపాను. కొత్త కోడలికి మూర్ఛ అని చీటీ మీద వ్రాస్తే ఆ ఇంట్లో ఆమె పరిస్థితి ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. నెల తిరగకుండా మళ్ళీ తెచ్చారు. ఈసారీ స్నానాల గదిలోనే. అప్పుడు గాని ఈ మందమతికి వెలగలేదు. ఇంటికి వెళ్ళి చూశాను. ఆరడుగులు ఐదడుగుల గది, లోపల గోడకు గ్యాస్ గీజరు, దోమలు రాకుండా కిటికీకి అట్ట మేకులతో బిగించి ఉన్నది. "ఇది ముందు మధ్యలో ఆగిపోయేదండీ, మెకానిక్కు వచ్చి బాగుచేశాడు" అని మామగారు సంతోషంగా చెప్పారు. ఏమి చేశాడని అడిగితే, ఏదో సెన్సర్ తీగ విప్పి రెండు కొసలూ కలిపాడట.

లెక్క వేసి చూడండి. మామూలు గ్యాస్ గీజరు 20 నిమిషాలు మండితే సుమారు 300 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. దానికి 4 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆ గదిలో ఉన్న గాలి మొత్తం 7 ఘనపు మీటర్లు. ఆ అమ్మాయి పీల్చవలసిన గాలిలో సగానికి పైగా మంట తాగేసింది. తరువాత మంట కార్బన్ మోనాక్సైడును వదలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బయటి గాలికి తెస్తే అందులో సగం వదిలిపోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ముఖానికి తొడుగు బిగించి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగానికి తగ్గుతుంది. మూర్ఛగా పొరబడే ఈ వ్యాధిని మన దేశపు నాడీవైద్యులు గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అనే పేరుతో పత్రికలలో వర్ణించారు. ఆ పత్రికలు నేను చదివింది ఆ అమ్మాయి రెండవసారి పడిపోయిన తరువాత.

కోవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. ఈ విషయంలో దానిని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని అది ప్రాణవాయువు ఉన్న రక్తంగానే లెక్కిస్తుంది. మనిషి ప్రాణాపాయంలో ఉండగా 98 అని చూపగలదు. జ్వరం లేకుండా తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, అదీ ఇంట్లో ఒకరికి మించి ఉండి, బయటకు వస్తే తగ్గుతుంటే, ముందు మంట ఆర్పి తలుపులు తెరవండి. స్పృహ తప్పినవారిని బయటి గాలికి తెచ్చి 108కి ఫోను చేయండి. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కొందరికి వారాల తరువాత మతిమరుపు, నడక తడబడటం వస్తాయి. గర్భిణీ అయితే తల్లికంటె బిడ్డకు ప్రమాదం ఎక్కువ.

వెలగని హీటరును ఏమి చేయాలన్న అసలు ప్రశ్నకు వస్తాను. మొదటి పరికరం ముక్కు. గ్యాసుకు కలిపిన కుళ్ళు వాసన వస్తే స్విచ్చి వేయకూడదు, వేసి ఉన్నది తీయకూడదు. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, బయటకు పోయి 1906కు ఫోను చేయాలి. వంటగ్యాసు గాలికంటె బరువు. నేల మీద, గుంటలలో నిలుస్తుంది, కనుక నిలబడి వాసన చూస్తే చాలదు. ఒకసారి వెలగకపోతే గ్యాస్ ఆపి కనీసం ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. వరుసగా టకటకమని నొక్కడం గది నిండా మందుగుండు పరచి అగ్గిపుల్ల గీయడం వంటిది.

వాసన లేదు, నిప్పురవ్వ కూడా లేదంటే గీజరులో ముందు బ్యాటరీలు చూడండి. మన తీరంలో ఉప్పుగాలికి బ్యాటరీ కొసల మీద పచ్చని, తెల్లని పొడి పేరుకుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు అంతటితో సరి. రవ్వ రావడం లేదు, బ్యాటరీలు కొత్తవే అంటే నీటి ఒత్తిడి చూడండి. నీరు తగినంత వేగంతో వస్తేనే లోపలి పొర కదిలి గీజరు మేల్కొంటుంది. ట్యాంకు ఎత్తు చాలకపోయినా, నీరు వచ్చే చోటి జల్లెడలో ఇసుక చేరినా అది కదలదు. మా ఇందుకూరుపేట, మైపాడు వైపు బోరు నీటిలో ఉన్న ఉప్పుకు ఇది నిత్యం జరిగేదే. రవ్వ ఉన్నది, మంట లేదంటే సిలిండరు, రెగ్యులేటరు, మడత పడిన గొట్టం. ఒక సిలిండరుకు ఎక్కువ బ్రూడర్లు తగిలిస్తే అది చల్లబడి, పైన చెమట పట్టి, ఒత్తిడి పడిపోతుంది. దాని మీద మరిగే నీళ్ళు పోసేవారిని చూశాను. అది చేయవలసిన పని కాదు, తగిలించినవి తగ్గించాలి.

పైలట్ ఉన్న హీటరులో నాబు వదలగానే ఆరిపోతున్నదంటే అర నిమిషం, నిమిషం నొక్కి పట్టండి. కడ్డీ వేడెక్కాలి కదా. అయినా ఆరితే కడ్డీ మొన మంటలో మునగడం లేదేమో, మసి పట్టిందేమో, సన్నని రంధ్రంలో సాలెగూడు ఉన్నదేమో చూడాలి. ఇక్కడ నుండి ముందుకు పని తెలిసిన మెకానిక్కుది. గ్యాస్ దారిలో ఏ నట్టునూ మీరు విప్పవద్దు.

అతను వచ్చినప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. వెలిగిన వెంటనే ఆరుతున్నదా, కొంతసేపు మండి ఆరుతున్నదా అన్నది స్పష్టంగా చెప్పండి. మొదటిది సాధారణంగా యంత్రపు లోపం. రెండవది గాలి లోపం కావచ్చు. తలుపు, కిటికీ తెరచి ఉంచితే ఆరకుండా మండుతున్నదంటే ఇక సందేహం లేదు. సెన్సరు తీసేద్దాం, వైరు కలిపేద్దాం అంటే ఆ రోజుకు కూలి ఇచ్చి పంపించండి. అతని మీద నాకు కోపం లేదు. ఆగిపోతున్నదని పిలిచాం, ఆగకుండా చేశాడు. ఎందుకు ఆగుతున్నదని మనం అడగలేదు. జ్వరం చూసి కారణం వెదకక మాత్ర ఇచ్చే వైద్యుడు చేసేదీ అదే. నేనూ చేశాను.

మంట రంగు గురించి ఒక మాట. నీలంగా ఉండాలి. పసుపు నాలుకలు, గిన్నెకో గోడకో మసి ఉంటే అసంపూర్ణ దహనం. అయితే సముద్రపు గాలి వీచే వేళ నీలి మంటలో నారింజ రంగు మిణుకులు కనబడవచ్చు. అది ఉప్పులోని సోడియం రంగు. మిణుకు వచ్చి పోతుంది, పసుపు నాలుక నిలిచి ఉంటుంది. తేడా పోల్చుకోలేకపోతే పసుపుగానే ఎంచుకుని ఆర్పివేయండి.

గ్యాస్ గీజరు స్నానాల గది లోపల ఉండనే కూడదని నా అభిప్రాయం. కిటికీ ఉన్నది కదా అని చాలామంది వాదిస్తారు. ఆ కిటికీని చలికాలంలో ఎవరు తెరచి ఉంచుతారు? ఆ అమ్మాయి ఇంట్లో గీజరును వెలుపలి గోడకు మార్పించి, గొట్టం ద్వారా వేడినీరు లోపలికి ఇప్పించాను. మాత్రలు క్రమంగా తగ్గించి ఆపాను. మళ్ళీ పడిపోలేదు. చీటీ మీద మూర్ఛ అన్న మాటను కొట్టివేసి, సంతకం పెట్టి, మామగారిని కూర్చోబెట్టి తప్పు నాదని చెప్పాను.

మా మేనల్లుడు హరితగృహానికి పైన ఒకటి, కింద ఒకటి గాలి సందులు పెట్టాడు. గ్యాస్ ఖర్చు కొంచెం పెరిగిందని సణిగాడు గాని మంట తెల్లవార్లూ నిలుస్తున్నదట. లోపల కార్బన్ మోనాక్సైడు అలారం కూడా తగిలించాడు. టమాటా ఆకులు మళ్ళీ లేచాయి. కొని పెట్టుకున్న మరో థర్మోకపుల్ ఏమి చేయమంటావని అడిగితే, డబ్బాలో వేసి దాచుకోమన్నాను.