కోలుకొనుటయు చికిత్సయే

అప్పు, నిప్పు, పగ, రోగము అను నాలుగింటిలో శేషము మిగుల్పరాదని పెద్దలు చెప్పుదురు. పిత్తాశయములో రాళ్లు చేరి, ఆ పిత్తాశయమునే తీయించుకొని ఇల్లు చేరినవారిని చూచినప్పుడు ఈ మాట జ్ఞప్తికి రాక మానదు. రాళ్లు పోయినవి, అవి ఉన్న తిత్తియు పోయినది. ఇక శేషమేమున్నదని ఇంటివారు తలంతురు, ఇరుగుపొరుగువారు తలంతురు, తుదకు రోగియు అట్లే తలంచును. కాని శేషమొకటి ఉన్నది. అది రోగశేషము కాదు, చికిత్సాశేషము. దానికే కోలుకొనుట అని పేరు. శస్త్రవైద్యుని పని సాధారణముగ ఒక గంటలోనో రెండు గంటలలోనో ముగియును. రోగి పనియు, ఇంటివారి పనియు అప్పుడే మొదలగును. ఈ రెండవ పనికి దక్కవలసిన గౌరవము సంఘమున నేటికిని దక్కుట లేదు.

ఈ అనాదరమునకు ఒక చరిత్ర కలదు. 1882వ సంవత్సరము జులై 15వ తేదీన బెర్లిను నగరములో కార్ల్ లాంగెన్‌బుక్ అను వైద్యుడు మొదటిసారిగ ఒక రోగి పిత్తాశయమును పూర్తిగ తొలగించెను. అంతకు ముందు వైద్యులు తిత్తిని కోసి రాళ్లను మాత్రము తీసెడివారు. తిత్తి నిలిచియుండుటచే రాళ్లు మరల పుట్టుచుండెడివి. తిత్తిని తొలగింపవలసినది అందులో రాళ్లున్నందున కాదు, అది రాళ్లను పుట్టించుచున్నందున అని లాంగెన్‌బుక్ వాదము. ఆయన రోగి ఆసుపత్రి విడిచి వెళ్లుటకు సుమారు ఆరు వారములు పట్టినది. అటు తరువాత నూరేండ్లు ఈ శస్త్రచికిత్స పొట్టపై పెద్ద కోతతోనే జరిగినది. ప్రక్కటెముకల క్రింద జానెడు గాయమును చూచినవారెవ్వరును రోగిని లేచి పని చేయుమనలేదు. ఆ గాయమే రోగి పక్షమున సాక్ష్యము పలికెడిది.

1985 సెప్టెంబరు 12న జర్మనీలోని బోబ్లింగెను పట్టణములో ఎరిక్ మ్యూహె అను వైద్యుడు లాపరోస్కోపు సాయముతో ఈ పనిని నెరవేర్చెను. తోడి వైద్యులు మొదట ఆయన మాటను ఆదరింపలేదు. అయినను కొలది సంవత్సరములలోనే ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది. నేడు సాధారణముగ నాలుగు చిన్న రంధ్రములతో పని ముగియును; ఆనాడో మరునాడో రోగి ఇల్లు చేరును. ఇది వైద్యశాస్త్రము చేసిన గొప్ప మేలు. కాని మేలుతో పాటు ఒక చిక్కు వచ్చినది. గాయము చిన్నదైన కొలది రోగి పక్షమున సాక్ష్యము పలుకునది లేకపోయినది. పైన నాలుగు చిన్న పట్టీలే కనబడుచుండగా, లోపల ఒక అవయవము తెగిపోయినదను మాటను ఎవరు తలంతురు?

లోపల జరిగినదేమో విద్యార్థులు తమ జీవశాస్త్ర పాఠము నుండియే గ్రహింపవచ్చును. కాలేయము దినమునకు అరలీటరు మొదలు లీటరు వరకు పైత్యరసమును తయారుచేయును. పిత్తాశయము అందులో 30 నుండి 50 మిల్లీలీటర్లను చిక్కబరచి నిలువచేసి, కొవ్వుగల ఆహారము చిన్నప్రేగును చేరినప్పుడు ఒక్కసారిగ వదలును. పిత్తాశయము లేనప్పుడు పైత్యరసము నాళము వెంట నేరుగ ప్రేగులోనికి కొంచెము కొంచెముగ జారుచుండును. చెరువు పూడిపోయిన ఊరిలో వాగునీరు నేరుగ పొలమునకు పారినట్లుండును ఈ ఏర్పాటు. పంట పండకపోదు, కాని ఒక్కసారిగ ఎక్కువ నీరు కావలసివచ్చినప్పుడు చాలదు. అందుచేతనే మొదటి వారములలో నూనె, నెయ్యి దండిగ తిన్నచో కొందరికి కడుపుబ్బరము, విరేచనములు కలుగును. ఇడ్లి, మెత్తని అన్నము, పెసరకట్టు, చారు, బీరకాయ కూర, పలుచని మజ్జిగ కొద్దికొద్దిగ తినుచు, క్రమముగ వెనుకటి భోజనమునకు మరలుటయే మార్గము. చాలమంది కొన్ని వారములలో అన్నియు తినగలరు. జన్మమంతయు చప్పిడి కూడు తినవలెనను భయము నిరాధారమైనది.

మరియొక బాధ గూర్చి ముందే తెలిసియుండుట మేలు. వైద్యులు లోపల చూచుటకు వీలుగ పొట్టను కార్బన్ డయాక్సైడు, అనగా బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బింతురు. ఆ ఉబ్బు ఉదరవితానమును రేపును. ఉదరవితానమునకు పోవు నాడి మెడలో పుట్టును. భుజపు చర్మమునకు పోవు నాడులకును మూలము అక్కడనే. అందుచేత బాధ పొట్టలో పుట్టినను భుజమున తెలియును. ఈ సంగతి ఎవరును చెప్పకపోవుటచే రోగి గుండెజబ్బేమోయని బెదరును. సాధారణముగ రెండు మూడు దినములలో, మెల్లగ నడచుచుండగనే, ఆ నొప్పి తగ్గిపోవును.

ఇక అసలు విషయము. పిత్తాశయపు రాళ్లు పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ. గర్భధారణయు, స్త్రీ శరీరములోని హార్మోనులును అందుకు కారణములు. తెలుగు ఇండ్లలో విశ్రాంతి దొరకుట కష్టమైనదియు స్త్రీకే. ప్రసవించిన స్త్రీకి ఆచారము అండగ నిలుచును. బాలింత యనగనే ఇంటివారు పథ్యము వండుదురు, పనులు పంచుకొందురు, పుట్టినింటివారు తీసికొని పోవుదురు. ఆ ఆచారమును ఎవరును ప్రశ్నింపరు. పిత్తాశయము తీయించుకొన్న ఇల్లాలికి అట్టి ఆచారమేదియు లేదు. అందుచేత మూడవనాడే ఆమె పొయ్యి ముందర నిలిచియుండును. అయిదవనాడు నీళ్ల బిందె ఎత్తును, తడిబట్టల బకెట్టు మోయును. గ్యాసు బండ మార్చుటకును తానే వంగును. ఎవరును ఆమెను బలవంతపెట్టి యుండకపోవచ్చును. కాని పని ఎదుట పడియున్నప్పుడు ఎవరును లేవకపోవుటయు ఒక విధమైన బలవంతమే. అదే ఇంటిలో యజమానికి ఈ శస్త్రచికిత్స జరిగినచో పదునైదు దినములు మంచము దగ్గరకే కాఫీ వచ్చును. శరీరము మానుటకు పట్టు కాలములో స్త్రీపురుష భేదము లేదు. ఆ కాలమును ఇచ్చుటలోనే భేదము.

ప్రాచీన వైద్యులు ఈ విషయమును తేలికగ చూడలేదు. సుశ్రుత సంహిత సూత్రస్థానములోని 19వ అధ్యాయము గాయపడినవాని సంరక్షణమునకే ప్రత్యేకింపబడినది. మంచి గృహము, సుఖమైన పడక, ప్రియముగ మాటలాడు మిత్రులు ఉండవలెనని అందు కలదు. లేచుట, నడచుట మొదలగువానియందు ఏమరుపాటు లేక వ్రణమును కాపాడుకొనవలెనని చెప్పుచు, ఆ వరుసలో బిగ్గరగ మాటలాడుటను కూడ చేర్చిరి. ఈ ఒక్క మాట ఉపాధ్యాయలోకము తలపోయదగినది. పాఠము చెప్పువారి వృత్తియే నిలుచుట, బిగ్గరగ పలుకుట. గొంతెత్తిన ప్రతిసారియు పొట్ట కండరములు బిగియును. అయిదారు పీరియడ్లు నిలుచుట, నోటుపుస్తకముల కట్టలు మోయుట, కిక్కిరిసిన బస్సులో ప్రయాణము చేయుట మానుచున్న శరీరమునకు చిన్న పనులు కావు. చిన్న రంధ్రముల పద్ధతిలో సాధారణముగ రెండు వారములలోపల, పెద్ద కోత పడినచో ఆరు మొదలు ఎనిమిది వారములకు పనిలో చేరవచ్చునందురు. ఆ గడువును నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. పరీక్షల తేదీయు కాదు, తోటివారి చూపులును కాదు. మరలివచ్చినవారికి ప్రధానోపాధ్యాయుడు ఒక కుర్చీ వేయించుట, సహోపాధ్యాయులు రెండు పీరియడ్లు పంచుకొనుట, విద్యార్థులు పుస్తకముల కట్టను అందుకొనుట ఖర్చు లేని ఉపకారములు.

విశ్రాంతి పేరిట సోమరితనము పెరుగునని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. మంచము దిగకుండుట విశ్రాంతి కాదు. కదలక పడియున్నచో కాళ్లలోని నాళములలో నెత్తురు గడ్డకట్టవచ్చును, ఊపిరితిత్తులలో కఫము చేరవచ్చును. అందుచేతనే వైద్యులు తొలినాడే లేచి నాలుగడుగులు వేయింతురు. సుశ్రుత సంహితయు పగటినిద్రను వలదన్నది. విశ్రాంతి యనగా పని మానుట కాదు, బరువు మానుట. దినదినమును కొంచెము ఎక్కువ నడచుటయు, కొన్ని వారములు బరువులెత్తకుండుటయు ఒకదాని కొకటి విరోధములు కావు. వానిని విడదీసి తెలిసికొనలేక ఒకరు తొందరపడుదురు, మరియొకరు భయపడుదురు.

ఓర్పునకును హద్దు కలదు. జ్వరము, కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగు తిరుగుట, మలము తెల్లబారుట, తగ్గవలసిన నొప్పి పెరుగుట, ఆగని వాంతులు, గాయము నుండి చీము, ఊపిరి అందకపోవుట - వీనిలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే వైద్యుని చేరవలెను. ఇంటిలోనివారికి శ్రమ కలుగునని ఈ బాధలను దాచుకొనుట సహనము కాదు, ప్రమాదము.

పిత్తాశయమును తొలగించుట వైద్యునికి తెలిసిన విద్య. కోలుకొననిచ్చుట ఇంటిలోని ప్రతివారును నేర్వవలసిన విద్య. దానికి పట్టాలు అక్కరలేదు. తల్లి ఆసుపత్రి నుండి వచ్చిన వారములో బిందె తానెత్తిన కుమారుడు, అన్నము తాను వార్చిన భర్త ఆ విద్యలో ఉత్తీర్ణులైనట్లే. బాలింతకు ఆచారము కల్పించిన ఇండ్లు ఈ రోగికిని ఒక ఆచారమును కల్పింపలేకపోవు. రోగములో శేషము మిగుల్పరాదన్న పెద్దల మాటను పూర్తిగ పాటింపవలెనన్నచో, కత్తి విడిచిన ఆ కొద్దిపాటి శేషమును ఇంటివారే తీర్పవలసియుండును.